లాగిన్‌లో ఉన్న తమ్ముడు

సోమవారం ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలకు మొదలైంది. నగరి పక్కన మా ఊళ్ళో, నేతగాళ్ళ సొసైటీ డిజైన్ గదిలో, చీర కొంగు గీస్తూ మా తమ్ముడు గుండె పట్టుకుని కుర్చీలోంచి పక్కకు ఒరిగాడు. వాణ్ణి ఆటో ఎక్కించే హడావుడిలో, ముందున్న చిన్న కంప్యూటర్‌ను ఎవరో గోడ దగ్గరి స్విచ్ నొక్కి ఆపేశారు. బుధవారం తెల్లవారుజామున నాలుగున్నరకు తిరుపతి ఆసుపత్రిలో పోయాడు. నాకంటే ఆరేళ్ళు చిన్న.

నేను ఏడవలేదని మా వాళ్ళు కొందరు ఇప్పటికీ చెప్పుకుంటారు. నన్ను ఏడవనిచ్చింది ఎవరు?

సొసైటీలో పెద్ద కంప్యూటరు ఒకటి, దానికి టెర్మినళ్ళుగా తగిలించిన చిన్నవి నాలుగు ఉండేవి. డిజైన్లన్నీ పెద్దదాంట్లోనే. కమాండ్లు టైపు చేసి నడిపించే యూనిక్స్ రకం మిషన్ అది. రిటైరయ్యే వరకు చిత్తూరులో ఒక ఆఫీసు లెక్కల సెక్షన్‌లో నేను అలాంటి దాని మీదే పనిచేశాను కాబట్టి ఏదైనా మొరాయిస్తే నన్ను పిలిచేవాళ్ళు.

డిజైన్ గదిలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి పేరు లాగిన్‌లో కనిపిస్తే వాళ్ళ ఫోల్డరు ఇంకొకరు ముట్టకూడదు, పెద్ద మిషన్ ఆపకూడదు. ఒకసారి ఇద్దరు ఒకే అంచు మీద చెయ్యి పెట్టి చెడగొట్టాక మా తమ్ముడే అది పెట్టాడు. మగ్గంలో ఒకరు కూర్చుని ఉండగా ఆ నేత మీద ఇంకొకరు చెయ్యి వెయ్యరు కదా, ఇదీ అంతే అన్నాడు. నేతగాళ్ళకు అంతకంటే చెప్పాల్సిన పనిలేదు. 'హూ' అని కొడితే లాగిన్‌లో ఉన్నవాళ్ళ పేర్లు తెర మీదికి వస్తాయి. ఆ పేర్లు చూసి నడుచుకోవడం వాళ్ళకు ఒంటబట్టింది.

శుక్రవారం తిరుపతి నుంచి టెక్నీషియన్ వచ్చాడు. పెద్ద మిషన్‌లో డిస్కు గీరుకుంటున్న చప్పుడు వస్తోందని ఫోన్ చేసి పిలిపించారు. నలభై దాటిన మనిషి, పని తెలిసినవాడు. చెవి ఆనించి విన్నాడు. ఇది ఎక్కువ రోజులు రాదు, ఈ రోజే అన్నీ కాపీ చేసుకుని డిస్కు మార్చేయాలన్నాడు. మిషన్ ఆపే ముందు 'హూ' కొట్టాడు. ఒకే వరస వచ్చింది. మా తమ్ముడి పేరు, టెర్మినల్ రెండు, సోమవారం తొమ్మిది ఇరవై.

గదిలో ఉన్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఒకతను చెప్పులు విడిచాడు. టెక్నీషియన్ కీబోర్డు మీది నుంచి చేతులు తీసేశాడు.

నేను నిదానంగానే చెప్పాను. ఈ కమాండు మనిషి ఉన్నాడా లేడా అని చూడదు. ఎవరైనా లోపలికి వస్తే మిషన్ ఒక ఫైల్లో వరస రాసుకుంటుంది, బయటికి పోతే చెరిపేస్తుంది, ఈ కమాండు ఆ ఫైలు చదివి చెబుతుందంతే. తిరుచానూరు లాడ్జిలో చెప్పకుండా గది వదిలేసి రైలెక్కిన యాత్రికుడి పేరు రిజిస్టర్‌లో ఉండిపోయినట్టు, స్విచ్ నొక్కి ఆపేయడంతో వీడి వరస ఉండిపోయింది. నమ్మకపోతే చూడండని, టెర్మినల్ రెండు మీద ఏం నడుస్తోందో చూపించేలా 'పీఎస్' కొట్టించాను. ఒక్క ప్రోగ్రాము కూడా రాలేదు.

సొసైటీ అధ్యక్షుడు తెర వైపే చూస్తూ అన్నాడు. "పేరు ఉండాది గదక్కా. అన్న పెట్టిన కట్టుబాటు అన్న మీదే తప్పమంటావా? పదకొండోనాటి పెద్దదినం కానీ. ఆ పొద్దు దండం పెట్టుకోని ముట్టుకుందాం."

"మిషన్ ఆపితే గాని ఆ పేరు పోదు. పేరు పోతే గాని మిషన్ ఆపరు. ఇదేం లెక్కప్పా?"

ఆపాల్సిన పని లేదు, కనీసం వాడి ఫోల్డరన్నా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీయండన్నాను. ముట్టకూడదన్నారు. పాస్‌వర్డు అధ్యక్షుడి దగ్గరే ఉంది. ఇంకొకతను మెల్లగా, అన్న గీస్తున్న కొంగు లోపల తెరిచే ఉందేమో, కదిలిస్తే పోతుందేమో అన్నాడు. ఆ కొంగు సోమవారం మీరు స్విచ్ నొక్కినప్పుడే పోయిందన్నాను. నొక్కింది అతనేనట. మొహం తిప్పుకుని ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు.

టెక్నీషియన్‌ను వరండాలోకి పిలిచి, నేను చెప్పింది నిజమా కాదా అని అడిగాను.

"నిజమే మేడం. ఆ వరసలో ఏమీ లేదు. కానీ వాళ్ళు వద్దన్నాక నేను ముట్టుకుంటే, రేపేమన్నా అయితే చనిపోయిన మనిషి పని నేను పోగొట్టినానంటారు."

బస్సు టైమవుతోందని బ్యాగు తగిలించుకున్నాడు. తెలియనివాళ్ళను తిట్టి ఊరుకోవచ్చు. ఇతనికి అన్నీ తెలుసు.

ఇక మిగిలింది మా మరదలు. ఆమె ఒక్క మాట అంటే అధ్యక్షుడు కాదనలేడు. ఆ సాయంత్రమే వెళ్ళాను. పెద్దదినం దాకా గడప దాటకూడదు కాబట్టి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. వాడి పేరున్న తెరను ఎవరో ఫోటో తీసి ఆమె ఫోన్‌కు పంపారు. దాన్నే చూస్తోంది.

వాడి గీతలన్నీ ఆ డిస్కులో ఉన్నాయి, డిస్కు పోతే అన్నీ పోతాయి, కాపీ తీయమని ఒక్క మాట చెప్పమని అడిగాను. తల ఎత్తలేదు.

"ఈడ చొక్కాలు గూడా మూట కట్టేసినారు వదినా. ఆడన్నా ఉండనీ."

అది ఒట్టి అక్షరాలే అమ్మాయ్ అన్నాను. పెద్దదినం దాకానే గదా అంది. ఆమె మీదా కోపం వచ్చింది. ఆ కోపం పైకి అనేది కాదు, మింగేదీ కాదు.

ఆ తర్వాత రోజూ పొద్దున డిజైన్ గదికి వెళ్ళాను. గీరుకునే చప్పుడు గుమ్మం దగ్గరికే వినిపించేది. ఎవరో ఒకరు 'హూ' కొట్టేవాళ్ళు, పేరు చూసి తృప్తిపడేవాళ్ళు. పది గంటలకు వాడి బల్ల మీద టీ గ్లాసు పెట్టేవాళ్ళు. ఒక రోజు ఒకతను అన్నాడు, "బతికుండంగా అన్న ఒక్కనాడన్నా ఇంతసేపు కూసున్నాడా అబ్బా." అందరూ నవ్వారు. మా తమ్ముడు నిజంగానే గంటకోసారి బీడీకి లేచేవాడు. నాకూ నవ్వు వచ్చింది. దానికి ఇంకా మండింది. కాపీ తీయండప్పా అని ఆ రోజూ అడిగాను, ఆ మరునాడూ అడిగాను. ముసలమ్మకు తమ్ముడి మీద బెంగ లేదని వెనక ఎవరో అనడం విన్నాను.

పెద్దదినం శనివారం. దాని ముందు రోజు, శుక్రవారం మధ్యాహ్నం మూడుంపావుకు, నేను మరుసటి రోజు వంటకు బియ్యం కొలుస్తుంటే అధ్యక్షుడు ఫోన్ చేశాడు.

"అక్కా, అన్న పేరు పోయింది. ఏం కొట్టినా రాలేదు."

చప్పుడు వస్తోందా అని అడిగాను. లేదన్నాడు. ఫోన్ పెట్టేశాను. పేరొక్కటే పోయిందనుకుంటున్నాడు ఆయన ఇంకా.

డిస్కును మద్రాసు పంపారు. లోపలి పలకలు గీసుకుపోయాయి, ఏమీ తీయలేమని తిరిగి వచ్చింది. ఏడాది కిందట తీసిన కాపీ ఒకటి బీరువాలో ఉంది. ఆ తర్వాత వాడు గీసినవాటిలో కొన్నిటికి మగ్గానికి ఎక్కించే చిల్లుల జాకార్డు అట్టలు కొట్టేశారు, కాబట్టి అవి మగ్గాల మీద బతికే ఉన్నాయి. మిగతావి ఎన్నో తేల్చడానికి వారం పాటు నేనే ఆ గదిలో కూర్చున్నాను. ఎవరూ సాయానికి రాలేదు, నేను పిలవలేదు. వాడు ఏ రోజు ఏది ముగించేవాడో గోడ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకునేవాడు. దానికీ అట్టల కట్టలకూ సరిచూశాను.

పోయినవి: కొంగులు పదకొండు. అంచులు ఇరవై ఆరు. బుట్టాలు నలభై మూడు. మొత్తం ఎనభై. సగంలో ఉన్న కొంగు ఒకటి సోమవారమే పోయింది, దాన్ని ఇందులో కలపలేదు.