గళ్ల పావడ, పూల రవిక

మా ఇంట్లో పెళ్లి వచ్చిందంటే ఆడపిల్లలందరికీ ఒకే తానులోంచి బట్టలు కుట్టించేవాళ్లు. అది మా అవ్వ పెట్టిన కట్టుబాటు. పందిట్లో ఎంతమంది పిల్లలు తిరుగుతున్నా, ఆ గుడ్డ చూడగానే వీళ్లు ఆదోని పత్తి షావుకారు ఇంటి పిల్లలని తెలిసిపోవాలి. ఎవరు ఏ కొడుకు బిడ్డో ఎవరూ అడగకూడదు.

రెండో ప్రపంచ యుద్ధం ఆ కట్టుబాటును చెడగొట్టింది. మా కొట్టు నిండా పత్తి బేళ్లే, ఒంటిమీదికి మాత్రం గుడ్డ కరువు. మా చిన్నాయనకు ఎమ్మిగనూరు సంబంధం కుదిరేనాటికి ఇంట్లో ఆడపిల్లలం ఇద్దరమే, నేనూ మా పెదనాన్న కూతురూ. అక్క నాకంటే మూడేళ్లు పెద్దది. మనిషికింతని కొలిచి గుడ్డ అమ్మే కంట్రోలు కొట్టు ముందు పొద్దంతా నిలబడితే ఎర్రపూల చీటిగుడ్డ కొంచెం దొరికింది. ఎమ్మిగనూరు మగ్గాల నుంచి పచ్చగళ్ల గుడ్డ ఇంకొంచెం వచ్చింది.

అవ్వ రెండూ చాపమీద పరిచి తీర్పు చెప్పింది. "పెద్దదానికి పూల పావడ, గళ్ల రవిక. చిన్నదానికి గళ్ల పావడ, పూల రవిక. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే ఒక తాను లెక్కే."

ఇప్పటి అమ్మాయిలు గళ్లమీద పూలు కావాలని వేసుకుంటున్నారు, వేసుకోనీ. అప్పట్లో అట్లా కడితే నాలుగిళ్లలో అడిగి తెచ్చుకున్న బట్టలనేవాళ్లు. నేను పెళ్లికే రానని మొండికేశాను. అమ్మ అరిచింది, అవ్వ బుజ్జగించింది, నేను వింటేగా. చివరికి అక్క వచ్చి పక్కన కూర్చుంది.

"నీ ఒక్కదానికేనా ఏమ్మే? నేనూ అట్లనే కట్టుకుంటాండా కదా. ఇద్దరమూ చెయ్యి పట్టుకొని పోదాం. నవ్వితే ఇద్దర్నీ నవ్వుతారు."

ఆ ఒక్క మాటకు నేను ఒప్పుకున్నాను. పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులో ఎమ్మిగనూరు చేరేదాకా ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను.

పెళ్లినాడు పొద్దున నేను ముందే తయారై విడిదింటి గడప దగ్గర అక్క కోసం నిలబడ్డాను. లోపల పెద్దమ్మ ఆమెకు జడ వేస్తోంది. తలుపు తెరుచుకుంది. అక్క పావడా ఎర్రపూలే, రవికా ఎర్రపూలే. కంట్రోలు గుడ్డ ఇంటికి వచ్చిన రోజే పెద్దమ్మ ఒక రవికకు సరిపడా ముక్క చించి దాచిందని ఆ క్షణాన అర్థమైంది. దర్జీకి కొలతలిచ్చిన అక్కకు తన రవిక ఏ గుడ్డతో కుడుతున్నారో తెలియకుండా ఉంటుందా? నా పక్కన కూర్చుని ఆ మాట చెప్పేటప్పటికే ఆమెకు అంతా తెలుసు.

"పత్తికొండోళ్లు అక్కను చూసేకి వస్తాండారు, నువ్వు గమ్మునుండు" అంది అమ్మ. అమ్మకూ తెలుసన్నమాట. తెలియనిది నాకొక్కదానికే.

అయినా నేను వెళ్లి అక్క చెయ్యి పట్టుకున్నాను. మాట మాటే కదా అనుకున్నాను, అంత పిచ్చిదాన్ని. పందిట్లో పత్తికొండ నుంచి వచ్చిన పెద్దామె అక్కను పైనుంచి కిందికి చూసి మెచ్చుకుంది. తర్వాత నా గళ్లూ పూలూ చూసింది.

"ఈ పాప మీ ఇంటిదేనా?"

పెద్దమ్మ నోరు తెరిచేలోపే అక్క చెయ్యి విడిపించుకుంది. "కాదత్తా, మా పక్కింటోళ్ల పాప. మాతోపాటు వచ్చింది."

పెద్దమ్మ కాదనలేదు. నాలుగడుగుల దూరంలో ఉన్న మా అమ్మ కూడా కాదనలేదు. నేను వంటశాల వెనక్కి పోయి, విస్తళ్లు కడుగుతున్న వాళ్ల పక్కన కూర్చున్నాను. భోజనానికి పిలిచినా లేవలేదు. నవ్వితే నవ్వేవాళ్లు, దానికి నేను సిద్ధపడే వచ్చాను. ఇంటిపిల్లనే కాదంటారని మాత్రం అనుకోలేదు.

ఆ సంబంధం ఖాయమైంది. అక్క పెళ్లయి పత్తికొండ వెళ్తూ తనకు పొట్టిదైన పూల పావడ నాకిమ్మని అవ్వ చేతికి ఇచ్చింది. నేను దాన్ని ఒక్కసారి కూడా కట్టుకోలేదు. చింపి వంటింట్లో మసిగుడ్డ చేశాను. అవ్వ తిట్టింది, తిట్టనీ అనుకున్నాను.

మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు పొయ్యిమీది పప్పుగిన్నె దించబోయి అక్క ఆ గుడ్డను గుర్తుపట్టింది.

"ఇది నా పావడ కదమ్మే? ఇంత మంచి గుడ్డను మసిగుడ్డ చేసినావా?"

"పక్కింటోళ్ల గుడ్డ కదక్కా. యాడని దాచిపెట్టుకునేది?" అన్నాను.

అక్క గిన్నె దించి, ఆ గుడ్డను రెండు మడతలు పెట్టి పొయ్యి పక్కన పెట్టింది. తిరిగి వెళ్లేనాడు సాగనంపడానికి బస్సు దాకా నేనే వెళ్లాను. మెట్టెక్కి వెనక్కి తిరిగి నా వైపు చెయ్యి చాచింది. నేను ఆ చేతికి ఆమె పెట్టె అందించాను.