బుధవారం ఒక్కపొద్దు

సముద్రంలో వేట నిషేధం మొదలైన వారానికి చెంచమ్మ ఒక్కపొద్దు పట్టింది. శుక్రవారం పొయ్యి దగ్గర కూర్చుని, "ఈ రోజు గంగమ్మకు ఒక్కపొద్దు ఉండా. నువ్వు తిను పాపా" అని కూతురి ముందు పళ్ళెం పెట్టింది. మొగుడు గంగులయ్య తలెత్తి కూడా చూడలేదు. పడవలన్నీ ఇసుకలోకి లాగేసిన రోజుల్లో ఆడవాళ్ళు గంగమ్మకు మొక్కుకోవడం ఆ పల్లెలో వింత కాదు. ఆ మాటకు ఉలిక్కిపడింది మహాలక్ష్మి ఒక్కతే. అన్నం కలుపుతున్న చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

ఒక్కపొద్దు మాటున ఏమేం దాచవచ్చో ఆ ఇంట్లో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మహాలక్ష్మికి ఇరవయ్యేళ్ళు. కృష్ణపట్నం పొగగొట్టాలు కనిపించేంత దూరంలో ఉంది వాళ్ళ పల్లె. అక్కడి నుంచి కావలికి పోయి, హాస్టల్లో ఉండి డిగ్రీ చదివింది. లావైనావని ఎవరో నవ్వారు. ఆ పూట అన్నం మానేసింది. తర్వాత మానడమే అలవాటైంది. తినబోతే తిట్టే గొంతొకటి లోపల చేరింది. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు దాన్ని దాచడానికి దేవుళ్ళు పనికొచ్చారు. మొదట శనివారం వెంకటేశ్వరస్వామికి అంది. తర్వాత శుక్రవారం అమ్మవారికి, సోమవారం శివుడికి. ఊరు మెచ్చుకుంది. పక్కింటి ఆదిశేషమ్మ ఆ పిల్లను చూపించి తన కోడలికి బుద్ధులు చెప్పింది. భక్తికి అడ్డుపడితే పాపమని చెంచమ్మ ఊరుకుంది.

బుధవారం కూడా ఒక్కపొద్దేనని కూతురు అన్న రోజున గానీ చెంచమ్మకు అనుమానం రాలేదు. ఆ ఊళ్ళో బుధవారం ఏ దేవుడికీ ఎవరూ ఒక్కపొద్దు ఉండరు. "బుధవారానికి దేవుడెవుడే?" అని తిట్టింది కూడా. అప్పటికే ఆలస్యమైంది. గంగమ్మ కొలుపులో కలశం ఎత్తుకుని నడుస్తూ పిల్ల దారిలోనే కూలిపోయింది. అమ్మవారు పూనిందనుకున్నారు జనం. చుట్టూ చేరి దణ్ణాలు పెట్టారు, వేపమండలతో విసిరారు, పలకమని అడిగారు. అది పూనకం కాదని గంగులయ్యకు తోచి ఆటో పిలిచేసరికి పిల్ల కాళ్ళూ చేతులూ చల్లబడి ఉన్నాయి.

నెల్లూరు ఆసుపత్రిలో కౌన్సిలర్ ఉషారాణి మెత్తగా చెప్పలేదు. "ఇది జబ్బు. మొండితనం కాదు, భక్తీ కాదు. పూటపూటకీ తినాలి. ఎదురుగా కూర్చుని మీరూ తినాలి. ఒక్కపొద్దులు బంద్. దేవుడికి కోపమొస్తే నా పేరు చెప్పండి."

"ఏం పెట్టాల మేడం? ఆపిల్ పండ్లా?" అని అడిగింది చెంచమ్మ. అప్పటికే చెవికమ్మలు తాకట్టు పెట్టి, మందుల షాపులో బలం పొడి డబ్బా ఒకటి కొనుక్కొచ్చింది.

"డబ్బాలొద్దు. మీరు తినేదే పెట్టండి. అన్నం, పప్పు, గుడ్డు, చేప, శెనక్కాయలు. కాకపోతే కడుపు నిండా పెట్టండి. కోలుకునేటప్పుడు ఆకలి విరగబడి వస్తుంది. ఒళ్ళు పోగొట్టుకుందంతా తిరిగి అడుగుతుంది. అప్పుడు చాలనొద్దు."

వేట సాగినన్నాళ్ళు ఇల్లు ఆ మాట నిలబెట్టుకుంది. అమ్ముడుపోని చేప కూరయ్యేది, పెరట్లో కోడి గుడ్డు పెట్టేది, రేషన్ బియ్యం ఎట్లాగో సరిపోయేవి. మహాలక్ష్మి జుట్టు రాలడం ఆగింది. ఒకరోజు దేనికో పకపకా నవ్వింది కూడా. ఉషారాణి చెప్పిన ఆకలి ఆ తర్వాత వచ్చింది. సరిగ్గా పడవలు ఒడ్డెక్కిన రోజుల్లోనే వచ్చింది.

గంగులయ్య తెల్లారగానే పోర్టు రోడ్డు మీదికి కూలి పనికి పోయేవాడు. కొన్నిరోజులు దొరికేది, కొన్నిరోజులు వట్టి చేతులతో తిరిగొచ్చేవాడు. చేపలు ఎండబోసే చోట కాకులు దిగడం మానేశాయి. కుక్కలు మాత్రం ఇళ్ళ వాకిళ్ళ దగ్గరికి జరిగాయి. మధ్యాహ్నాలు గాలి బొత్తిగా ఆగిపోయేది. బియ్యం డబ్బాలో తవ్వ అడుగుకు తగిలితే ఆ చప్పుడు వీధిలోకి వినిపించేది.

"మొన్నటిదాకా గాలి భోంచేసిందే నీ కూతురు, ఇప్పుడు పడవను మింగేట్టుందే!" అంది ఆదిశేషమ్మ ఒకరోజు దడి అవతలి నుంచి. చెంచమ్మ నవ్వేసింది. దడికి ఇవతల బట్టలు ఆరేస్తున్న మహాలక్ష్మి నవ్వలేదు.

ఆ తర్వాతే తల్లి ఒక్కపొద్దు. శుక్రవారం గంగమ్మకు. శనివారం స్వామికి. సోమవారం శివుడికి. రోజులు కూడా అవే. నువ్వు తినేది అమ్మ కూడు, అంది మహాలక్ష్మి లోపలి గొంతు. చాలా రోజులకు పలికిన ఆ గొంతు ఈసారి తిట్టలేదు. న్యాయం చెబుతున్నట్టు మాట్లాడింది. సోమవారం రాత్రి ఆమె పళ్ళెంలో కొంత అన్నం వదిలేసింది. మంగళవారం తల్లి మళ్ళీ గంగమ్మ పేరు చెప్పింది, ఈమె ఇంకొంచెం ఎక్కువ వదిలింది. చెంచమ్మ ఆ అన్నం వైపు చూసి, ఏమీ అనకుండా తిరిగి గిన్నెలో వేసుకుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక్క ముద్ద మిగిల్చినా ఇల్లు ఎగరగొట్టిన మనిషి. ఆమె ఏమీ అనకపోవడమే మహాలక్ష్మిని భయపెట్టింది.

బుధవారం మధ్యాహ్నం చెంచమ్మ మళ్ళీ ఒక్క పళ్ళెమే తెచ్చింది.

"నీదేదమ్మా?"

"ఒక్కపొద్దు గదా."

"ఎవురికి?"

"గంగమ్మకే."

"నిన్న కూడా గంగమ్మకే అంటివే."

"అయితే ఏంది? రెండు రోజులుంటే అమ్మ వద్దంటాదా? తిను, చల్లారిపోతాది."

"ఈ రోజు బుధవారమమ్మా."

చెంచమ్మ చేతిలో గరిటె ఆగింది.

"బుధవారానికి దేవుడెవుడే అని నన్ను తిడితివే. నీకెక్కడ దొరికినాడు?"

చెంచమ్మ కసురుకోబోయింది. అంతలోనే గరిటె కింద పెట్టేసింది. "బియ్యం అడుగుకొచ్చినాయి. నీకు తగ్గిస్తే మళ్ళీ ఆ కలశం రోజే గదా. నాకేం, గట్టి ప్రాణం."

"తగ్గించకపోయినా అదేనమ్మా. అన్నం వదిలేస్తుండా, చూసినావు గదా. వదిలితే బాధగా ఉండాల. నాకు హాయిగా ఉంది. రెండు రోజుల నుంచి హాయిగా ఉంది. అందుకే చెప్తుండా."

చెంచమ్మకు ఆ హాయి అర్థం కాలేదు. దాని వెంట పోయిన పిల్ల కలశంతో కూలిపోవడం మాత్రం కళ్ళారా చూసింది. లేచి రెండో పళ్ళెం తెచ్చి అన్నం సగం చేసింది. ఎట్లా సర్దినా అది ఇద్దరి తిండి కాదు.

మహాలక్ష్మి గిన్నె తీసుకుని పక్కింటికి పోవడానికి లేచింది.

"కూర్చో, నేను పోతా."

"నువ్వు పోతే అన్నం అడగలేక ఉప్పు అడుక్కొని వస్తావు. నేనే పోతా."

ఆదిశేషమ్మ వాకిట్లోనే ఉంది. "ఏమే ఒక్కపొద్దుల తల్లీ, గిన్నె పట్టుకొచ్చినావు?"

"అత్తా, ఇంట్లో అన్నం చాల్లేదు. నాకు ఆకలైతా ఉంది. అమ్మకు కూడా."

ఆ వీధిలో ఆకలి అన్న మాట అంత పైకి ఎవరూ అనరు. ఆదిశేషమ్మ నోటిదాకా వచ్చిన హాస్యం మింగేసింది. లోపలికి పోయి అన్నం, ఎండు నెత్తళ్ళ పులుసు వేసింది. కుండ గీకిన చప్పుడు బయటికి వినిపించింది.

"ఈ పూటకు తీసుకో. రేపటికి మాత్రం అడగొద్దు తల్లీ. రేపు మా ఇంట్లో ఏముంటాదో నాకే తెలీదు."

తల్లీ కూతురూ ఎదురెదురుగా కూర్చున్నారు. మొదటి ముద్ద ఎవరూ ఎత్తలేదు. ఇద్దరూ ఒకరి చేతిని ఒకరు చూస్తూ, చివరికి కలిసి ఎత్తారు. పులుసు కారంగా ఉంది. మహాలక్ష్మి ఆబగా తింటూ పోయింది. లోపలి గొంతు పలుకుతూనే ఉంది, ఆమె నములుతూనే ఉంది.

"మేడంకు రేపు ఫోన్ చేస్తా. ఇంట్లో బియ్యం లేవని కూడా చెప్పేస్తా," అంది చెంచమ్మ పళ్ళేలు తీస్తూ.

మహాలక్ష్మి తలూపింది. బయట ఆకు కదలడం లేదు. దడి దగ్గర కుక్క ఒకటి వాసన పట్టి లేచి నిలబడింది.

రేపు గురువారం. సాయిబాబాకు ఒక్కపొద్దని చెప్పేవాళ్ళు ఆ వీధిలో చాలామందే ఉన్నారు.