దొరసాని సర్వీసు

హన్మాండ్లుకు ఒకటే పిచ్చి. సర్వీసు చరిత్ర తెలియనిదే దేన్నీ నమ్మడు. కుక్కరైనా, లిఫ్టైనా, చివరికి పెళ్లికొడుకైనా సరే, ఎప్పుడు పుట్టింది, ఎక్కడ పనిచేసింది, ఎన్నిసార్లు బాగుచేశారు అని ఆరా తీశాకే దగ్గరికెళతాడు.

గల్ఫులోని ఇంటర్నేషనల్ సిటీలో కూలీల మెస్సుకు వంట చేసే నాగరత్నమ్మ అలాంటి తగాదా ఒకటి కళ్లారా చూసింది. హన్మాండ్లు కంపెనీ బస్సుకు అడ్డంగా నిలబడి, హైదరాబాదీ డ్రైవర్ నయీమ్‌ని నిలదీశాడు.

“బ్యాటరీ ఎప్పుడు మార్చినవ్ భాయ్?”

“పోయిన నెల. జల్దీ ఎక్కు, యల్లా!”

“రంజాన్ల గిదే చెప్పినవ్. బక్రీద్‌కు గిదే చెప్పవడ్తివి. గా పోయిన నెల ఎప్పుడస్తది?”

నయీమ్ ఉడుక్కుని తాళం తిప్పాడు. బస్సు ముసలాడిలా దగ్గి ఊరుకుంది. నలభై మంది దిగి తోశారు. హన్మాండ్లు మాత్రం చెయ్యి వెయ్యలేదు. గెలిచినవాడు తొయ్యకూడదట!

అతనిది ఓడల యార్డులో తుప్పు గీకి రంగు వేసే పని. కరోనా ఏడాది ఒక ఇంగ్లీషు యుద్ధనౌక ఆ యార్డుకు మరమ్మతుకు వచ్చింది. పదకొండు రోజులు దాని పొట్ట గీకాడు. గీకినకొద్దీ రంగు కింద రంగు, ఒక్కో పొర ఒక్కో మరమ్మతు. ఏడు పొరలున్న పెచ్చొకటి అగ్గిపెట్టెలో దాచుకుని, ఓడకు దొరసాని అని పేరు పెట్టుకున్నాడు. అది చలిదేశంలో పుట్టిందనీ, జలాంతర్గాముల్ని వేటాడిందనీ, తుఫాను కొట్టిన దీవులకు నీళ్లు మోసిందనీ, ఇదే గల్ఫులో చమురు ఓడలకు కాపలా కాసిందనీ కనబడ్డవాళ్లకల్లా చెప్పేవాడు. అగ్గిపెట్టెను మాత్రం ఎవర్నీ తాకనిచ్చేవాడు కాదు.

“నా మొగుడి చరిత్రే నాకింత తెలీదు. ఆయన్ని గీకితే అడుగున ఇనుమైనా దొరకదు,” అనేది నాగరత్నమ్మ.

2025 జూన్‌లో సముద్రం అవతల యుద్ధం మొదలైంది. చమురు ఓడల దారి హోర్ముజ్ జలసంధిని మూసేస్తారని ఫోన్లు హోరెత్తాయి. విమానం చప్పుడైతే నాగరత్నమ్మ చేతిలో గరిటె జారేది. “భయం కాదర్రా, నూనె చెయ్యి!” అని గదమాయించేది. ఆ నూనె చేతులతోనే రెండు బస్తాల బియ్యం తెచ్చి మంచం కింద తోసింది.

ఆమె గదిలోనే ఉండే నవతకు ఏడో నెల. మొగుడు వాసు చమురు ఓడలకు సామాను చేరవేసే పడవ మీద హోర్ముజ్ వైపు వెళ్లాడు. మూడు రోజులుగా ఫోన్ లేదు. పిల్ల పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడం లేదు.

“ఒక్క ముద్ద తినవే తల్లీ.”

“దిగడం లేదు పిన్నీ. ఆ పడవ మీద ఏదైనా పడితే?”

అప్పుడు హన్మాండ్లు గుమ్మంలో నిలబడ్డాడు. “ఏం పడ్తది? దొరసాని బయలెల్లింది. మీ ఆయన పడవ దిక్కే పోతున్నది. నువ్వొక్క ముద్ద తింటే అదొక్క మైలు నడుస్తది.”

నవత కళ్లు తుడుచుకుని పన్నెండు మైళ్లు తినేసింది.

మర్నాడు పధ్నాలుగు. మూడోనాడు పెరుగన్నంతో కలిపి ఇరవై. నాలుగోనాడు హన్మాండ్లు ఆ అగ్గిపెట్టె తెచ్చి నవత చేతిలో పెట్టి వెళ్లాడు. ప్రాణంలా దాచుకున్నది ఇచ్చేశాడంటే ఏదో కొంప మునిగిందనుకుని, నాగరత్నమ్మ వంటింట్లో అతన్ని పట్టుకుంది.

“నిజం చెప్పు. నీ ఓడ మునిగిందా?”

“మునుగుడేంది అక్కా! రెండేండ్ల కిందనే రిటైరైంది. ఇంజన్లు గూడ పీకిన్రట.”

“మరి హోర్ముజ్‌కి ఎవరెళ్లార్రా?”

హన్మాండ్లు తల గోక్కున్నాడు. “నేనే నడుపుతున్న. పిల్ల తినాలె గద.”

దేనికైనా చరిత్ర నిజంగా ఉందా లేదా అని ప్రాణం తీసే మనిషి, ఒక ఆడపిల్ల అన్నం కోసం చచ్చిన ఓడకు నాలుగు రోజుల సర్వీసు కల్పించాడు!

అంతలో గదిలోంచి కేక. “పిన్నీ! ఆయన ఫోను! ఫుజైరా రేవుకు వచ్చేశారంట! అన్నా, దొరసానికి థాంక్స్ చెప్పవా?”

“చెప్త చెల్లే!” అని హన్మాండ్లు ఎప్పుడో రిటైరైన ఓడ తరఫున గంభీరంగా తలూపాడు.

కింద నయీమ్ హారన్ కొడుతున్నాడు. హన్మాండ్లు చెప్పులేసుకుంటూ గొంతు తగ్గించాడు.

“అక్కా, వాసు మళ్లా సముద్రం మీదికి పోతడు. గప్పుడు నేను డ్యూటీల ఉంటే దొరసానిని నువ్వే నడుపాలె. ముద్దకు ఒక్క మైలే. ఎక్కువ ఉరికియ్యకు, పాపం ముసల్ది.”