బెల్లం టీకి వచ్చే మనిషి

ముందు నాకు తెలిసినవి ఒక పక్కన, విన్నవి మరో పక్కన పెడతాను. ఉద్యోగమంతా రసాయనశాస్త్రం పాఠాలు చెప్పినదాన్ని, వేరే పద్ధతి చేతకాదు. బెల్లంలో అధికభాగం సుక్రోజు, పంచదారలో ఉన్నదీ అదే. ఇది ఖాయం. బెల్లంలో ఖనిజాలు కొన్ని ఉన్నాయి గానీ, ఒక కప్పు టీలో వేసుకునే ముక్కలో అవి లెక్కకు వచ్చేటన్ని కావు. ఇదీ ఖాయమే. తెల్లగా మెరిసే బెల్లం దిమ్మకు ఆ తెలుపు హైడ్రోసు అనే రసాయనం కలపడం వల్ల వస్తుందని అనకాపల్లిలో అందరూ అంటారు. హైడ్రోసు రంగును పోగొడుతుందని నాకు తెలుసు. కానీ ఫలానా దిమ్మలో కలిపారో లేదో కంటితో చూసి చెప్పలేను కాబట్టి దాన్ని మధ్యలో ఉంచుతున్నాను. బెల్లం రక్తాన్ని శుభ్రం చేస్తుందనీ, షుగరు ఉన్నవాళ్ళు పంచదార మానేసి బెల్లం వాడుకుంటే ఏమీ కాదనీ చెప్పేవన్నీ వినికిడి.

ఈ చివరి మాటను మా పక్కింటి ఇల్లాలు గట్టిగా నమ్మింది. వాళ్ళది బెల్లం వ్యాపారం. ఆవిడకు షుగరు.

పదవీ విరమణ తరువాత నేను ఒక్కదాన్నే ఉంటున్నాను. ఒక్క మనిషికి వండుకోవడం ఎప్పుడూ సరిపడని కొలత. ఆనపకాయలో సగం కోసి అమ్మరు. కుక్కరులో ఒకరికి సరిపడే పప్పు వేస్తే అడుగంటుతుంది, ఎక్కువ వేస్తే మర్నాడూ అదే. పాలప్యాకెట్టు మిగిలి పెరుగవుతుంది, పెరుగు మిగిలి మజ్జిగవుతుంది, మజ్జిగ పులిసి కరివేపాకు మొదట్లోకి పోతుంది. ఆ పాలు సరిగ్గా సరిపోయేది మధ్యాహ్నం ఆవిడ వచ్చినప్పుడు మాత్రమే. భర్త భోజనం చేసి మార్కెట్టు యార్డుకు వెళ్ళాక, గేటు తీసుకుని నేరుగా వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చునేది.

నా ఇంట్లో పంచదారే ఉంటుందని తెలిసి, తన నల్లబెల్లం ముక్క కాగితంలో చుట్టి తెచ్చుకునేది. "చుట్టాలకి తెల్లది, ఇంటికి నల్లది. మా అత్తగారి రూలు," అనేది. "దించేక వెయ్యండి మేడమ్, పొయ్యి మీద వేత్తే పాలు విరిగిపోతాయి." పాలు నిజంగానే విరుగుతాయి. నేను ఒకసారి వేసి చూశాను.

బెల్లంతో పాటు రోజుకో మాట కూడా మోసుకొచ్చేది. ఫోనులో చూసిందో, ఎవరైనా చెప్పారో.

"రాగిచెంబులో నీళ్ళు తాగితే మోకాళ్ళ నొప్పులు పోతాయంట. నిజమేనా?"

"నేను చూసిన ఆధారం ఏదీ లేదు."

"కొర్రలు తింటే షుగరు పూర్తిగా పోతాదంట."

"తెల్లన్నం బదులు తింటే కొంత నయం కావచ్చు. పూర్తిగా పోదు."

"మెంతులు?"

"కొంచెం. మందుకు బదులు కాదు."

"ఏటి మేడమ్, దేనికీ సరే అనరు! దేవుడు ప్రత్యక్షమైనా రిపోర్టు తెమ్మంటారు మీరు."

ఆవిడ నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. రోజులో నేను గొంతు విప్పి మాట్లాడే సమయం చాలాసార్లు అదొక్కటే. గేటు చప్పుడు కాస్త ఆలస్యమైతే గ్యాసు సిమ్ములో పెట్టి కిటికీలోంచి చూసేదాన్ని.

బెల్లం సంగతి మాత్రం ఆవిడ ప్రశ్నగా ఎప్పుడూ అడగలేదు. అది ప్రశ్న అని ఆవిడకు తోచలేదు. నేనే ఒకనాడు, అది కూడా పంచదారలాంటిదే అన్నాను.

"మీ షుగరు మిషను పెట్టి చూడండి అయితే. నా బెల్లమే గెలుత్తాది."

"గెలవకపోతే?"

"మానేత్తాను. కానీ మీ పంచదార టీ కూడా తాగాలా? ఓలమ్మా, మా ఆయనకి తెలిత్తే గుమ్మం ఎక్కనివ్వరు."

ఒకరోజు పంచదారతో, మర్నాడు బెల్లంతో చూశాం. అదే కప్పు, అంతే తీపి, వంటింటి కాటా మీద తూచినది. రెండు రోజులూ ఆవిడ ఇంట్లో తిన్నది అన్నం, వంకాయ కూర, చారు. పరీక్ష కోసమని నేనే అడిగి రెండు రోజులూ అదే వండించాను. తాగాక అంతే సేపు ఆగి వేలి చివర సూదితో గుచ్చాను. వచ్చిన అంకెల మధ్య ఉన్న తేడా, ఆ మిషను సహజంగా చేసే పొరపాటు కంటే తక్కువ. రెండు కప్పులతో ఏదీ శాస్త్రీయంగా రుజువు కాదు. అయినా ఆవిడ రక్తం విషయంలో ఆవిడకు అది చాలు.

"మిషను పాతదేమో."

"కొత్తదే. రక్తం అద్దే పట్టీలు కూడా కొత్తవే."

"పోనీ నా రక్తమే పాతదేమో," అని, మిగిలిన బెల్లం ముక్కను కాగితంలో చుట్టి చీర కొంగున ముడేసుకుంది.

మర్నాటి నుంచి తీపి లేని టీ. "కషాయం," అని ముఖం చిట్లించి, గుక్క గుక్కకూ నా వైపు నేరం నాదే అన్నట్టు చూసేది. తోడుగా నేనూ పంచదార మానేశాను. అయినా వచ్చేది. వస్తుందో రాదో అని నాకు లోపల ఉన్న భయం అప్పటికి తగ్గింది.

ఆ చలికాలంలో కొత్త బెల్లం దిగింది. వాళ్ళింట్లో ఒక ఆనవాయితీ ఉందని ఆవిడ ఎప్పుడో చెప్పింది: ఆ ఏటి మొదటి దిమ్మను రైతు ఇంటికి తెస్తాడు, ఇంటాయన ఒక ముక్క కొట్టి ఇల్లాలికి ఇస్తాడు, ఆవిడ నోట్లో వేసుకుంటే గానీ బేరం మొదలవదు. మిగతా వ్యాపారుల ఇళ్ళలో ఇది ఉందో లేదో నాకు తెలియదు. వాళ్ళింట్లో ఒక్కసారి మాత్రం కళ్ళారా చూశాను, ఎందుకంటే ఆ రోజు నన్నూ పిలిచారు.

హాల్లో అరిటాకుల మీద పులిహోర, గారెలు, పరమాన్నం. కశింకోట వైపు నుంచి వచ్చిన రైతు, ఒకరిద్దరు వ్యాపారులు. గోనెపట్టా మీద దిమ్మ. ఇంటాయన ముక్క కొట్టి భార్య చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని అరచేతిలో ఉంచుకుని నిలబడిపోయింది.

"ఏటమ్మా, నోరు తీపి సేసుకోండి. ఈ ఏడు సెరుకు బాగా పండింది," అన్నాడు రైతు.

"నాకు వద్దు బాబూ. మేడమ్ మిషను పెట్టి చూసేరు. పంచదారకీ దీనికీ తేడా లేదు."

ఎవరో నవ్వారు. ఇంటాయన నవ్వలేదు. నా వైపు తిరిగి, గొంతు పెంచకుండానే అడిగారు. "మా బెల్లాన్ని పంచదార చేసేసేరా మేడమ్?"

"షుగరు ఉన్నవాళ్ళ విషయంలో రెండూ ఒకటేనండి. మిగతావాళ్ళు తినవచ్చు."

"అయితే ఇంక మన యార్డు మూసేద్దాం బావా," అని రైతు మాటను తేలిక చెయ్యబోయాడు. "డాక్టర్లకి అద్దెకిద్దాం."

ఇంటాయన భార్య చేతిలోంచి ముక్క తీసుకుని తానే నోట్లో వేసుకున్నారు. బేరం మొదలైంది. ఆవిడ నాకు పరమాన్నం వడ్డించింది, తను మాత్రం వేసుకోలేదు. నేను చెప్పినదాంట్లో ఈనాటికీ మార్చవలసిన మాట ఏదీ నాకు కనిపించదు.

ఆ మర్నాడు ఆవిడ రాలేదు. సీజను అనుకున్నాను. తరువాతి రోజూ రాలేదు. కొన్నాళ్ళు ఇద్దరికి సరిపడా పాలు పెట్టాను. తరువాత ఒకరికే పెట్టాను. పాలు మళ్ళీ పెరుగవడం మొదలైంది. రాత్రికి ఎక్కువసార్లు మజ్జిగన్నం, ఊరగాయ. నా వయసుకు ఉప్పు ఎక్కువవుతోందని తెలుసు. నాకు ఆ మాట చెప్పేందుకు ఎదురుగా మరో మనిషి లేదు. ఫోనులో ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది, నిమ్మరసం గురించో, అవిసెగింజల గురించో. అబద్ధమని తెలుస్తుంది. అబద్ధమని ఎవరికి చెప్పాలో తెలియదు.

ఒక ఉదయం కూరగాయల బజారులో కనిపించింది. సంచీలో కాకరకాయలు ఉన్నాయి. అవి ఆవిడ కోసమో, ఇంటాయనకు ఇష్టమో నాకు తెలియదు.

"మేడమ్! చిక్కిపోయేరేటి? వండుకుంటన్నారా?"

"వండుకుంటున్నాను. మీరు టీకి రావడం లేదు."

"వత్తాను మేడమ్, వత్తాను. సీజను కదా, ఇల్లంతా జనం." ఆవిడ నా చెయ్యి పట్టుకుని వదిలింది. అంతలో ఎవరో పిలిచారు, వెళ్ళిపోయింది.

సీజను అయిపోయి చాలా రోజులైంది. ఆవిడ రాలేదు. ఎందుకు రాలేదన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ చలికాలం మూడు మార్పులు దగ్గరదగ్గరగా వచ్చాయి: నా ఇంట్లో టీ చప్పబడింది, నలుగురిలో ఆవిడ భర్త మనసు నొచ్చింది, వాళ్ళింట్లో పని పెరిగింది. పని తగ్గినా రాలేదు కాబట్టి ఆ కారణాన్ని కొట్టివెయ్యవచ్చు. చప్పటి టీకి కొన్నాళ్ళు వచ్చింది నిజమే గానీ, విసుగు పుట్టలేదని చెప్పలేను. మిగిలిన రెండింటిలో ఏది ఆపిందో తెలియాలంటే దారి ఒక్కటే. "రండి, మీ బెల్లం వేసే పెడతాను," అని ఒకసారి పిలిచి చూడాలి. వస్తే టీయే కారణం. రాకపోతే ఇంటాయన మాట.

ఆవిడ వచ్చే అవకాశం ఉంది. వస్తే ఆ కప్పు తాగుతుంది. అందుకే ఆ పరీక్ష నేను చెయ్యలేదు, చెయ్యను.