మావయ్య ధాన్యం ఏ క్లాసు?

శ్రీకూర్మం గుళ్ళో కర్పూరం ఆర్పి చెప్పమన్నా చెబుతాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. నమ్మనివాళ్ళు ఆమదాలవలస వెళ్ళి మిల్లు చూసుకోవచ్చు. ఏ మిల్లో మాత్రం చెప్పను.

అప్పట్లో నేను విజయనగరంలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పేవాణ్ణి. సిలబస్‌లోకి కొత్తగా ఆర్ అనే కంప్యూటర్ భాష వచ్చి పడింది. గణాంకాల పనికోసమే పుట్టిన భాష. పిల్లలకంటే ఒక్క పాఠం ముందుండేలా నేర్చుకుంటూ, బయట మాత్రం దాన్ని నేనే కనిపెట్టినట్టు మాట్లాడేవాణ్ణి. ఓసారి రైల్లో ఎదురుగా కూర్చున్న మిల్లు షావుకారుతో, "బస్తా విప్పకుండా ధాన్యం సంగతి చెప్పేస్తుంది నా ప్రోగ్రాము" అన్నాను. స్టేషన్ రాగానే గాలికి పోవాల్సిన మాట. ఆయన దాచుకున్నాడు.

కోతలయ్యాక మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఆ మిల్లుకే ట్రాక్టరు మీద ధాన్యం తోలాడు. సెలవు కదాని నేనూ ఎక్కాను. సాయంత్రం రైలుకి వెళ్ళిపోదామని సంచీ, అందులో ల్యాప్‌టాపు కూడా తెచ్చుకున్నాను. పైన మబ్బు కమ్ముకొస్తోంది. అక్కడ తేమ చూసేది పళ్ళతోనే. ఎండిన గింజయితే కొరికినప్పుడు కట్‌మనాలి. షావుకారు కొరికి మెత్తగా ఉందన్నాడు. మావయ్య కొరికి కట్‌మందన్నాడు. మావయ్యవి కట్టుడు పళ్ళు. వాటికి నానిన అటుకులు కూడా కట్‌మంటాయి.

తగువు తెగలేదు. షావుకారు చూపు నా మీద పడింది.

"మాస్టారూ, రైల్లో సెప్పేరు కదేటి! మీ కంప్యూటర్నే తీర్పు సెప్పమనండి. పొడంటే దించుకుంటాను. పచ్చంటే బండి తిప్పీడమే."

నన్ను ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, ఇనుప గేటు లాగి తాళం వేశాడు. "మీ మావ లోనికొచ్చి సెవిలో ఊదకుండా" అన్నాడు. ఫ్యాను లేదు. తవుడు వాసన గొంతులో అడ్డం పడుతోంది. కిటికీ ఊచలు పట్టుకుని మావయ్య.

"అల్లుడూ, మబ్బు సూసేవా? తడిసిందంటే మొలకెత్తిపోద్ది. ఏటో ఒకటి కొట్టీరా."

ఆర్‌లో ఏ వస్తువునైనా ఆబ్జెక్ట్ అంటారు. అది ఏ జాతిదో చెప్పేది క్లాసు. క్లాసు కట్టడానికి సులువైన పద్ధతి ఎస్‌త్రీ. బస్తా మీద సుద్దముక్కతో పేరు రాసినట్టే, ఏ పేరు తగిలిస్తే ఆ పేరు నమ్మేస్తుంది. నేను 'పొడి ధాన్యం' అని తగిలించాను. తెర మీద అలాగే వచ్చింది. మావయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

షావుకారు గేటు బయటి నుంచే తొంగి చూశాడు. "బాగున్నాది. ఇప్పుడు ఈ టీ గ్లాసు ఏ కలాసో అడగండి."

అదే పేరు తగిలిస్తే టీ గ్లాసు కూడా పొడి ధాన్యమే అయింది.

"ఈ ఆటలు నా కాడ కాదు మాస్టారూ."

ఇక కష్టమైన దారి మిగిలింది, ఎస్‌ఫోర్. ఇందులో ముందే నమూనా ప్రకటించాలి. ఈ క్లాసు వస్తువుకి ఇన్ని అరలు, ఈ అరలో పట్టేది అంకెలే, ఆ అరలో పేర్లే అని. దానికి కాపలా నియమమూ పెట్టొచ్చు. తేమ అనే అరకు అంకెలే అన్నాను, నూటికి పదిహేడు దాటితే లోపలికి రానివ్వద్దన్నాను.

"తేమ కాడ మెత్త అని రాయండి" అన్నాడు షావుకారు. రాశాను. ఎర్ర అక్షరాలతో తిట్టింది.

"కట్ అని రాయరా!" అన్నాడు మావయ్య. అదీ ఒప్పుకోలేదు. అంకె కావాలంది.

షావుకారు ఎప్పుడో కొని బీరువాలో పడేసిన తేమ మీటరూ, గుప్పెడు గింజలూ గేటు సందులోంచి నా చేతిలో పెట్టి బియ్యం మర వైపు వెళ్ళాడు. గింజలు పోసి చూశాను. పందొమ్మిది.

ఆ అంకె చూసింది నేనొక్కణ్ణే. పదహారు అని కొట్టినా కాపలావాడు వదిలేస్తాడు. హద్దు చూడమని చెప్పానుగాని నిజం చూడమని చెప్పే వీలు ఏ క్లాసులోనూ లేదు. పచ్చి ధాన్యం గోదాములో వేడెక్కితే పక్క బస్తాలూ రంగు మారతాయి. ఆ తర్వాత మావయ్య బండిని ఏ ఏడూ మిల్లు గేటు దాటనివ్వరు. ఇప్పుడు తిప్పితే దారిలోనే వాన. ఊచల అవతల మావయ్య రెప్ప వెయ్యడం లేదు.

పందొమ్మిది కొట్టాను. మళ్ళీ ఎర్ర అక్షరాలే.

"ఏటొచ్చింది?"

"పచ్చి, మావా."

"నీ కంప్యూటరుకి మావా అల్లుడూ తెలీదేటి?"

"తెలీదు మావా."

చినుకులు మొదలయ్యాయి. షావుకారు వచ్చి తెర చూశాడు, ఆకాశం చూశాడు. "షెడ్డులో పరుసుకోండి. అంకె దిగేక నానే దించుకుంటాను" అన్నాడు. నా రైలు కూతవేసి వెళ్ళిపోయింది. మావయ్య ఒక కొసనుంచి, నేను ఇంకో కొసనుంచి ధాన్యాన్ని కాళ్ళతో తిరగేశాం. నా కొస దగ్గర పడితే ఆయన వీపు తిప్పేసేవాడు. ఎండొచ్చి అంకె దిగి బస్తాలు లోపలికి వెళ్ళాక మాత్రం ఒక గింజ కొరికి, "ఆ రోజూ ఇలాగే కట్‌మంది" అన్నాడు.

నేను కల్పించింది తాళం ఒక్కటే. గేటు బార్లా తెరిచే ఉంది. షావుకారు బియ్యం మర వైపు వెళ్ళినప్పుడు సంచీ తగిలించుకుని స్టేషన్‌కి నడిచిపోతే ఆపేవాడు లేడు. తెరిచిన గదిలో ఇరుక్కుపోయానంటే ఎవరు నమ్ముతారని ఓ తాళం వేశాను.