చచ్చిన రాజు ఊపిరి

సార్ పోయారన్న కబురు నాకు ఏర్పేడు దాటాక, బస్సులో అందింది. ఫోన్ చేసింది సార్ వాళ్లక్క. ఆమె ఏడవలేదు, జరిగింది జరిగినట్టు చెప్పింది. పొద్దున కాఫీ తాగి, రేడియో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారట. ఏదో నాటకం వస్తోందట. నాటకం మొదట్లో కళ్లు మూసుకుని వినడం ఆయనకు ఎప్పటి నుంచో ఉన్న అలవాటే కాబట్టి ఆమె పట్టించుకోకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. "నాటకం అయిపాయ, వార్తలు గూడా అయిపాయ, ఇంగా కండ్లు తెరవలేదమ్మా" అంది. నాటకం ఏ మాట దగ్గర ఉండగా ఆయన పోయారో ఆమెకు తెలియదు. అది తెలుసుకోవాలని నాకెందుకు అనిపించిందో నాకూ తెలియదు. బస్సు దిగేదాకా అదే ఆలోచన.

ఆయన తిరుపతిలో తెలుగు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. నాటక పోటీలకు న్యాయనిర్ణేతగా వెళ్లేవారు, పత్రికలకు సమీక్షలు రాసేవారు. నేను ఆయన దగ్గర చదువుకుని, ఆయన వెంట తిరిగి ఆ సమీక్షల పనిలోనే పడ్డాను. నా అంతట నేను నేర్చుకున్నది తక్కువ. నేర్చుకున్నదాంట్లో సగం తిట్లు తిని నేర్చుకున్నదే.

ముందు వరుసలో కూర్చోమని నిర్వాహకులు ఎంత బతిమాలినా వినేవారు కాదు. మూడో వరుస చివరి కుర్చీ ఆయనది. వేలెడంత పెన్సిలు, ఆహ్వానపత్రిక వెనకవైపు ఖాళీ, అంతే ఆయన సరంజామా. తెర లేచాక మొదటి పది నిమిషాలు కళ్లు మూసుకునేవారు. అప్పుడు ఆయన ముఖం చూడాలంటే నాకు భయంగా ఉండేది. దవడ కొంచెం జారి, లోపల మనిషి లేనట్టుండేది. ఒకసారి మోచేత్తో పొడిచాను కూడా. కళ్లు తెరవకుండానే "ఉండానులే" అన్నారు.

కళ్లు తెరిచాక మాట్లాడే నటుడి వైపు చూసేవారు కాదు. "మాట్లాడేవాణ్ని ఊరంతా సూస్తాది, మాట్లాడనోణ్ని సూడు" అనేవారు. పద్యనాటకంలో ఒకాయన రాగం తీస్తూ తీస్తూ వేదిక ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి వెళ్తే నాకు నవ్వొచ్చింది. బయటికొచ్చాక సార్ చీవాట్లు పెట్టారు. అక్కడ కాలం ఆగుతుందని, ఆగిన కాలంలో మనసు ఎంతసేపు నిలబడగలదో చూపించడమే ఆ నాటకం పని అని చెప్పారు. సాంఘిక నాటికలో తలుపు నిజమైన తలుపులా మూసుకోవాలి. వీధినాటకంలో ఇద్దరు మనుషులు పట్టుకున్న దుప్పటే తలుపు. "ఏ సరుక్కి ఆ తక్కెడ" అనేది ఆయన మాట.

ఇంకో నియమం ఉండేది. నాటకం అయ్యాక తెర వెనక్కి వెళ్లి, రాయబోయేది ఆ నటుడితో చెప్పేవారు. ముఖాన చెప్పలేనిది పేపర్లో రాయగూడదన్నది ఆయన పట్టుదల. ఈ నియమం నేను తప్పాను, ఒక్కసారే.

నగరి దగ్గర ఒక ఊళ్లో అమ్మవారి తిరునాళ్లకు పద్దెనిమిది రోజులు భారతం ఆడతారు. చివరి రోజు పొద్దున రారాజు వధ. మైదానంలో మట్టితో రాజు బొమ్మను ఇంటి పొడుగున పడుకోబెడతారు. రాజు వేషం కట్టినవాడు యుద్ధంలో ఓడి, ఆ బొమ్మ ఛాతీ మీద వాలి చచ్చిపోవాలి. ఆ ఊరి ఆచారం ప్రకారం తనంతట తాను లేవకూడదు. అతని భార్య పసుపు నీళ్లు తెచ్చి, ముఖాన చల్లి, పేరు పెట్టి పిలవాలి. సంవత్సరమంతా మొగుడి పేరు నోటితో పలకని మనిషి, ఆ ఒక్క రోజు పలుకుతుంది. పేరు వినబడితే రాజు పోయి, మనిషి లేస్తాడు.

సార్ లేకుండా నేను ఒంటరిగా చూసిన మొదటి ఆట అది. రాజు వేషం వేసినాయన నగరిలో మరమగ్గాలు నడిపే మనిషి, యాభై దాటినవాడు. గొంతు బాగుంది, అడుగు బాగుంది. పడిపోయాక మాత్రం ఛాతీ లేస్తూ పడుతూ ఉంది. నేను పెద్ద పండితురాలిలా రాశాను: చచ్చిన రాజు ఊపిరి పీలుస్తుంటే, కింద ఉన్న మట్టిబొమ్మే నయమనిపించింది అని. జిల్లా పేజీలో అచ్చయింది. ఆ వాక్యం చూసుకుని రెండు రోజులు మురిసిపోయాను.

సార్ చదివి, పేపరు మడిచి, ఆ నటుడికి చెప్పి రాశావా అని అడిగారు. లేదన్నాను. మడిచిన పేపరు నా చేతికిచ్చి వెళ్లిపోయారు. అంతకంటే తిట్టినా బాగుండేది.

మరుసటేడు తిరునాళ్లకు ముందు ఆ నటుడు సార్‌కి ఫోన్ చేశాడు. "ఆ పాపను పిల్సుకోని రాండి సామీ. ఈతూరి ఊపిరి కనబడదు" అన్నాడట.

వెళ్లాం. పదకొండు గంటల ఎండ. రాజు పడిపోయాడు. మద్దెల ఆగింది. నేను బొమ్మ కాళ్ల దగ్గర నిలబడి అతని ఛాతీ వైపే చూశాను. కదల్లేదు. పొట్ట కదల్లేదు. ఒక ఈగ వచ్చి పెదవి మీద వాలి, రంగు మీద అటూ ఇటూ తిరిగింది. పెదవి అదరలేదు. బాగుంది అనుకున్నాను మొదట. కాసేపటికి ఛాతీ వదిలి అతని ముక్కు వైపు చూడసాగాను.

భార్య చెంబుతో వచ్చి, నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. అక్కడి నుంచే నీళ్లు చల్లి, పేరు పిలిచింది. లేవలేదు. రెండోసారి పిలిచింది. మూడోసారికి ఆమె గొంతు రాలేదు. అమ్మవారు ఉంచేసుకుందని వెనక ఒక ముసలామె మెల్లగా అనడం విన్నాను. నేను రాసిన వాక్యం ఆ మనిషి మీద కూర్చుని ఉందని నాకు ఆ క్షణంలో తెలిసింది.

సార్ చెప్పులు విడిచి మట్టిబొమ్మ ఎక్కారు. మోకాళ్ల మీద కూర్చుని అతని చెవిలో నోరు పెట్టారు. వెనకే వెళ్లాను కాబట్టి విన్నాను.

"సూసినామప్పా. ఊపిరి కనబడలేదు. శానా బాగా చేసినావు. ఇంగ లెయ్."

అతని ఒళ్లంతా ఎగిరిపడింది. నీళ్లలోంచి తలెత్తినవాడిలా గాలి పీల్చాడు.

తర్వాత పందిట్లో మజ్జిగ తాగుతూ, భార్య పిలవడం వినబడిందనే చెప్పాడు. "యవుర్నో పిలస్తా ఉండాదనుకున్న్యా సామీ" అని నవ్వాడు. ఆమె గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. సార్ నా వైపు చూశారు. నేను లేచి ఆమె వెనకే వెళ్లి, ఆ రాత రాసింది నేనేనని చెప్పుకున్నాను. ఆమె కోప్పడలేదు.

"నేను ప్రతేడూ ఆ ఊపిరిని సూసుకునే గదమ్మా దగ్గిరికి పొయ్యేది" అంది.

తిరుగు బస్సులో సార్ చెప్పింది తక్కువే. నేను రాసింది అబద్ధం కాదన్నారు. గదిలో ఆడే నాటికలో శవం ఊపిరి పీలిస్తే తప్పే. ఇక్కడ ఆ ఊపిరి నటుడి లోపం కాదు, తిరిగి వచ్చేందుకు మనిషి తెరిచి పెట్టుకున్న దారి. అది తప్పుగా కనబడిందంటే నేను తెచ్చుకున్న తక్కెడ వేరు. ఆ మరుసటేడు అతను మామూలుగానే ఊపిరి పీల్చాడు, నేను అందరిలాగే ఏడ్చాను. అప్పటి నుంచి తెర వెనక్కి వెళ్లకుండా ఒక్క ముక్క రాయలేదు. మీ గురించి రాస్తున్న ఈ ముక్కకు మాత్రం వెళ్లడానికి తెర వెనక ఎవరూ లేరు సార్.

మధ్యాహ్నానికి ఆయన ఇంటికి చేరాను. సార్‌ని గాజు మూత ఉన్న ఐస్ పెట్టెలో ఉంచారు. నగరి నుంచి ఆ నటుడు నాకంటే ముందే వచ్చి, తల దగ్గర గాజు మీదికి వంగి నిలబడి ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. ఇప్పుడు వేషం కట్టడం లేదు. సార్ ముఖానికి సరిగ్గా పైన గాజు మీద ఆవిరి పట్టి, చిన్నదై, మళ్లీ పట్టింది. ఊపిరి ఆడుతున్నట్టే ఉంది. అతను తల నా వైపు తిప్పాడు.

"నువ్వు సూస్తే కనిపెడతావు గదమ్మా. బాగా సూసి చెప్పు."

వేళాకోళం కాదు. అతను నిజంగానే అడుగుతున్నాడు. ఆయన నేర్పినట్టే చూశాను. ముక్కు, గొంతు గుంట, ఛాతీ మీద దుప్పటి మడత, పొట్ట. తొందరపడకుండా, ఎంతసేపు చూడాలో అంతసేపు చూశాను. పైట చెంగుతో గాజు తుడిస్తే ఆవిరి చెంగుకే అంటుకుంది. అది బయటి తడి. గాజు మీదికి వంగిన ఆ నటుడి ముక్కులోంచి వచ్చింది.

"లేదన్నా" అన్నాను.

అతను తలూపాడు. కానీ అక్కడి నుంచి జరగలేదు. కాసేపటికి సార్ ముఖం మీద ఆవిరి మళ్లీ మెల్లగా పట్టింది, తగ్గింది, పట్టింది. నేను ఇంక తుడవలేదు.