ఉండలు నడిమికి చేరతాయా?

మా ఫిజిక్స్ సారు మొన్న తమక అనే ఊళ్లో, కూతురి ఇంట్లో పోయారు. ఆయన పాత విద్యార్థులైన మీరంతా సంతాపసభలో, "సారూ, లెక్కల టీచరమ్మా ఎప్పుడూ ఒకే మాట మీద ఉండేవాళ్లు" అన్నారు. ఆ టీచరమ్మగా చెబుతున్నా, దిద్దుకోండి. మేం ఒకే మాట మీద ఉండి ఉంటే మీకు ఆదివారం పాఠమే ఉండేది కాదు.

మా ఊరి గనులు మూతపడి బడి పలచబడ్డాక, మిగిలిన పిల్లలకు చర్చి హాల్లో ఆకాశం గురించి చెప్పేవాళ్లం. బోర్డుకు ఒక పక్క ఆయన, ఇంకో పక్క నేను. తొలికాలపు గెలాక్సీలు చూడ్డానికి అంత అందంగా ఉండవు. తిరిగే వాయువు పళ్లెంలో అక్కడక్కడ ఉండలు కట్టి, వాటిలో నక్షత్రాలు పుడుతుంటాయి. ఆ ఉండలు చుట్టూ ఉన్న పదార్థం లాగుడుకు వేగం తగ్గి, నడిమికి జారి, కలిసి అక్కడ గుండ్రటి ఉబ్బుగా మారతాయని ఆయన వాదన. తమలో పుట్టిన నక్షత్రాలు విసిరే గాలులకే దారిలో చెదిరి, పళ్లెమంతా పరుచుకుంటాయని నాది.

"సంగటి మాదిరే, పిల్లోళ్లారా! పిండి పోస్తే ఉండలు యాడికి పోతాయి? నడిమికే," అనేవారాయన.

"ఎన్నడన్నా సంగటి గెలికినారా సారూ? ఉండలు మిగిలినాయంటే ఆ పొద్దు మీ ఇంట్లో ఎవురూ తినలేదని అర్థం."

"పెండ్లైనప్పటి నుంచి నేను తింటాండేది అదే గదమ్మా!"

పక్షం మారాలంటే బోర్డు ముందు, అవతలివాళ్లు వింటుండగా మారాలి. అది మా నియమం. "ఒప్పుకుంటే నిద్రొస్తాది, ఒప్పుకోకుంటే పుస్తకం తెరుస్తాం" అనేవారు. ఈ వయసులో నేను మళ్లీ చదివానంటే ఆయన ఒప్పుకోకపోవడం వల్లే.

అలాంటి మనిషి నన్ను మోసం చేశారు. తనకు మోకాళ్ల నొప్పులేనని నాకు కబురు పెట్టి, అసలు జబ్బు చెప్పొద్దని కూతురితో ఒట్టు వేయించుకున్నారు. చూడటానికి వెళ్లిన పిల్లలతో, "మీ టీచరమ్మ చెప్పిందే కరెక్టు. ఇంగ నా మాట వదిలేయండప్పా" అన్నారట.

"మీరే గెలిచినారు గదా టీచరమ్మా," అంది కూతురు, నన్ను ఓదార్చాలని.

ఎదురుగా ఓడిపోని మనిషి మీద గెలుపేమిటి? పైగా ఆయన ఒప్పుకున్నది తప్పు. బరువైన ఉండలు నడిమికి చేరగలవు, తేలికవి చెదిరిపోతాయి. ఏవి ఎన్ని అన్నది ఇంకా తేలలేదు. పిల్లలేమో సగం పాఠాన్ని పూర్తిగా నమ్మేసి కూర్చున్నారు.

కాబట్టి ఈ ఆదివారం బోర్డుకు ఆయన ఉండే పక్క నిలబడి, ఆయన వాదన నేనే చెబుతాను. నా పక్కకు మీలో ఒకరు రండి. మొహమాటం లేనివాళ్లయితే మేలు. ఆయన పొడగరి. చివరిసారి గీసిన ఉబ్బు బోర్డు పై అంచున, నాకు డస్టర్‌తో కూడా అందనంత ఎత్తులో అలాగే ఉంది. హాల్లో కుర్చీలన్నీ ఊగుతాయి. వచ్చేటప్పుడు ఒక ఎత్తు పీట తెండి, కాళ్లు సమంగా ఉన్నది.